అరిచినవాళ్ళ పేర్లు తెలియవు

స్టూడియోలో నెలల తరబడి చెక్కిన రాక్ ఆల్బమ్‌లంటే నాకు గౌరవమే. ప్రాణం మాత్రం లైవ్ రికార్డింగులంటేనే. అందులోనూ గిటార్ సోలో కోసమో, డ్రమ్స్ మోత కోసమో కాదు, జనం కోసం వింటాను. పాటకీ పాటకీ మధ్య ఆ రొద, ఎవడో వేసిన ఈల, వెనక వరసల్లోంచి ఎవరో పెట్టిన కేక, మొదటి రెండు స్వరాలకే పాటను పోల్చుకుని హోరెత్తిపోయే హాలు. ఇవన్నీ తీసేసి పాటలు మాత్రమే మిగిల్చిన లైవ్ ఆల్బమ్ నాకు ఎక్కదు.

ఈ పిచ్చి అంటుకున్నది ఒక క్యాసెట్ వల్ల. అన్నయ్య స్నేహితుడొకాయన వచ్చి వెళ్తూ మరిచిపోయిన క్యాసెట్ అది. తొంభై నిమిషాల టేపు. అట్ట మీద నీలం బాల్‌పెన్నుతో ‘మేడ్ ఇన్ జపాన్’ అని రాసుంది. బ్యాండ్ పేరు లేదు, పాటల పేర్లు లేవు.

“జపాన్ క్యాసెట్టురా, ఒరిజినల్. పాడు చేశావంటే ఊరుకోను,” అన్నాడు అన్నయ్య.

టేపు పెట్టగానే పాట మొదలవలేదు. ముందు జనం సద్దు. తర్వాత డ్రమ్ మీద ఒక దెబ్బ, ఆర్గన్ చిన్న మూలుగు, గిటార్ ఎక్కడో గీరుకున్న చప్పుడు. ఎవరి పనిలో వాళ్ళున్నట్టు, ఎవరికీ తొందర లేనట్టు. చూస్తుండగానే అవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఒకే వేగంలోకి ఎక్కేశాయి. అప్పటిదాకా నేను విన్న ప్రతి పాటా తయారై వచ్చిందే. పాట తయారవుతుండగా వినడం అదే మొదలు. ఆ బ్యాండ్ డీప్ పర్పుల్ అనీ, క్యాసెట్ మీద ఉన్నది కంపెనీ ముద్ర కాదు, ఆల్బమ్ పేరేననీ తెలిసిన రోజున అన్నయ్య మొహం చూడాలి.

1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలో, 17న టోక్యోలోని బుడోకాన్ హాల్లో చేసిన కచేరీల్లోంచి ఏరి కూర్చిన ఆల్బమ్ అది. లైవ్ ఆల్బమ్ వేద్దామన్న ఉబలాటం బ్యాండుది కాదు, జపాన్ రికార్డు కంపెనీది. సరే, మా ఇంజనీరే రికార్డు చేయాలి, మాకు నచ్చితేనే విడుదల కావాలి అని బ్యాండ్ షరతు పెట్టింది. అలా మార్టిన్ బర్చ్ వచ్చి రికార్డు చేశాడు. అందులో ఒక పాటలో గాయకుడు ఇయన్ గిలాన్ గొంతూ, రిచీ బ్లాక్‌మోర్ గిటారూ ఒకరినొకరు అనుకరిస్తూ పోటీ పడతారు. గిటార్ ఒక ముక్క విసిరితే గొంతు దాన్ని పట్టుకుని తిరిగి విసురుతుంది. మన కచేరీల్లో సవాల్-జవాబ్ లాంటిదే. మధ్యలో జనం నవ్వుతారు. సంగీతం విని నవ్వడం! అది వినిపించినప్పుడల్లా నేనూ వాళ్ళతో కలిసి నవ్వేవాణ్ణి.

అదే ఆల్బమ్‌లో ఉన్న వాళ్ళ అతి ప్రసిద్ధమైన పాట పుట్టడానికి కారణం కూడా జనంలో ఒకడే. 1971 డిసెంబర్ 4న స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ కేసినోలో ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా ఎవడో పైకప్పు మీదికి ఫ్లేర్ గన్, అంటే సంకేతానికి మంటలు చిమ్మే తుపాకీ, పేల్చాడు. కేసినో మొత్తం తగలబడింది. అక్కడే రికార్డింగ్ పెట్టుకుందామని వచ్చిన డీప్ పర్పుల్ వాళ్ళు సరస్సు మీద పరుచుకున్న పొగ చూసి పాట కట్టారు. పాపం జాపాకి మాత్రం ఆ నెల కలిసిరాలేదు. వారం తిరక్కుండానే లండన్ రెయిన్‌బో థియేటర్లో ఒకడు స్టేజీ ఎక్కి ఆయన్ని కిందికి తోసేశాడు. చాలా నెలలు చక్రాల కుర్చీలోనే ఉండాల్సి వచ్చింది. జనం అంటే ప్రేమ అని మొదట్లోనే రాశాను కాబట్టి ఇదీ రాయాలి.

ఆ తర్వాత టేపుల వేట. ఎవరి దగ్గర ఏ లైవ్ రికార్డుందో కనుక్కోవడం, ఖాళీ క్యాసెట్ పట్టుకుని వాళ్ళ చుట్టూ తిరగడం. కాపీకి కాపీ, దానికి మళ్ళీ కాపీ. ఒక్కో తరం దిగేకొద్దీ ‘స్స్’ అనే హోరు పెరిగేది, డ్రమ్స్‌తో పాటు మోగే ఇత్తడి తాళాల మెరుపు తగ్గేది. నాలుగైదు చేతులు మారిన టేపులో ఆ తాళం కొడితే ఎక్కడో గదిలో కాగితం చింపినట్టుండేది. కొన్ని డెక్కులు కాస్త వేగంగా తిరిగేవి. వాటిలో పెట్టి వినిపిస్తూ కాపీ తీసిన బ్యాండ్లన్నీ అర స్వరం పైకెక్కి, గాయకులందరూ కుర్రాళ్ళయిపోయేవారు. టేపు డెక్‌లో చిక్కుకుంటే ఊపిరి బిగబట్టి మెల్లగా లాగి, పెన్సిల్ దూర్చి చుట్టడం. హెడ్ మీద పేరుకున్న గోధుమ రంగు మట్టిని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవడం. ఆ స్పిరిట్ వాసన వస్తే ఇప్పటికీ నాకు ఆస్పత్రి కాదు, హామండ్ ఆర్గన్ గుర్తొస్తుంది.

ఒక చిత్రం చెప్పాలి. బాగా పాత టేపుల్లో పాట మొదలయ్యే క్షణం ముందు, ఆ నిశ్శబ్దంలో, అదే పాట చాలా సన్నగా, దూరంగా వినబడుతుంది. మొదట్లో చెవి భ్రమ అనుకునేవాళ్ళం. కాదు. టేపు చుట్టలు చుట్టలుగా ఒకదాని మీద ఒకటి ఒత్తుకుని ఏళ్ళ తరబడి ఉంటే, గట్టిగా రికార్డయిన చోటి అయస్కాంత ముద్ర పక్క చుట్ట మీదికి కొంచెం దిగుతుంది. సన్నటి టేపుల్లో మరీ ఎక్కువ. కారణం తెలిశాక కూడా నాకు దాని మీద మోజు పోలేదు. పాట రాబోతున్నట్టు దాని దయ్యం వచ్చి చెప్పి పోతుంది.

ఇక టేపు అయిపోవడం. ఒక వైపు 45 నిమిషాలు. పాటకేం తెలుసు? సరిగ్గా సోలో పతాక స్థాయికి చేరినప్పుడు ‘టక్’. తిప్పి పెట్టేసరికి మధ్యలో ఓ ముక్క ఎగిరిపోయేది. మనకే కాదు, బీటిల్స్‌కీ తప్పలేదు. 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కో క్యాండిల్‌స్టిక్ పార్కులో వాళ్ళ చివరి టికెట్ కచేరీ. దాన్ని టేపు చేసిపెట్టమని పాల్ మెకార్ట్నీ తమ ప్రెస్ ఆఫీసర్ టోనీ బారోని అడిగాడు. ఆయన చిన్న క్యాసెట్ రికార్డర్ పట్టుకుని మైదానంలో నిలబడ్డాడు. ఒక వైపు అరగంట. కచేరీ అరగంట పైచిలుకు. ఆఖరి పాట మధ్యలో టేపు అయిపోయింది. ప్రపంచంలో అంతటి బ్యాండ్ ఆఖరి పాట పూర్తిగా లేదు! నాకైతే ఇది విన్నాక నా టేపుల మీద కోపం కొంత తగ్గింది.

ఆ బ్యాండ్ కచేరీలు మానేయడానికీ జనమే ఒక కారణం. 1965 ఆగస్టులో న్యూయార్క్ షే స్టేడియంలో 55,600 మంది. ఆ కేకల ముందు అప్పటి యాంప్లిఫయర్లు ఏ మూలకి? వాళ్ళు వాయించేది వాళ్ళకే వినబడేది కాదు. 1964, 65ల్లో హాలీవుడ్ బౌల్‌లో రికార్డు చేసిన టేపులు ఈ కేకల వల్లే పనికిరావని పక్కన పెట్టేస్తే, 1977లో గానీ ఆల్బమ్‌గా రాలేదు. వాటిని బాగుచేయడానికి కూర్చున్న వాళ్ళ నిర్మాత జార్జ్ మార్టిన్‌కి, ఆ పాత మూడు ట్రాకుల మెషీన్ వేడెక్కిపోతుంటే, వాక్యూమ్ క్లీనర్‌ని తిరగేసి చల్లగాలి కొట్టించాల్సి వచ్చిందట. ఆ రికార్డు వింటే పాటల కింద సన్నగా, ఎడతెగకుండా, జెట్ విమానం లేస్తున్నట్టు అమ్మాయిల కేకలు. దాన్ని విసుక్కునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం ఆ ఆల్బమ్ అసలు గొప్పతనమే అది.

ఇలా వింటూ వింటూ కొన్ని కేకలు నాకు బంధువులైపోయాయి. ఎక్కువ మందికి తెలిసినది బాబ్ డిలన్ కచేరీలోది. 1966 మే 17, మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్. మొదటి సగం ఒక్కడే గిటార్ పట్టుకుని పాడాడు, జనం బుద్ధిగా విన్నారు. రెండో సగం ఎలక్ట్రిక్ బ్యాండ్‌తో వచ్చేసరికి జానపద అభిమానులకి ఒళ్ళు మండింది. పాటల మధ్య నిశ్శబ్దంలో ఒకడు “జూడాస్!” అని అరిచాడు, క్రీస్తుని పట్టిచ్చిన ద్రోహి పేరు. చుట్టూ కొంత నవ్వు, కొన్ని చప్పట్లు. డిలన్ నిన్ను నమ్మను, నువ్వు అబద్ధాలకోరువి అని జవాబిచ్చి, బ్యాండ్ వైపు తిరిగి గట్టిగా వాయించమన్నాడు. ఆ తర్వాత పడిన డ్రమ్ దెబ్బ తలుపు విరగ్గొట్టినట్టుంటుంది. తమాషా ఏమిటంటే అనుమతి లేకుండా తయారై ఏళ్ళ తరబడి చేతులు మారిన బూట్‌లెగ్ రికార్డు మీద ఇది లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ అని తప్పు రాసి ఉండేది. 1998లో అధికారికంగా విడుదల చేసినప్పుడు కూడా ఆ తప్పు పేరునే కొటేషన్ గుర్తుల్లో పెట్టి వదిలారు. అరిచింది నేనే అని తర్వాత ఇద్దరు వేర్వేరుగా ముందుకొచ్చారు. తేలలేదు. తేలకపోవడమే బాగుంది.

రోలింగ్ స్టోన్స్ 1969 నవంబర్‌లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో చేసిన కచేరీ రికార్డులో ఒక అమ్మాయి ఫలానా పాట పాడండి అంటూ, ముద్దుగా తిడుతూ, రెండుసార్లు గొంతు చించుకుంటుంది. వాళ్ళు ఆ పాట పాడరు, వేరేది ఎత్తుకుంటారు. కానీ ఆల్బమ్ నుంచి ఆ కేకని తీసెయ్యలేదు చూడండి, అక్కడ ఉంది రుచి. ఆ అమ్మాయికి పాట దక్కలేదు గానీ రికార్డులో చోటు దక్కింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ ఫిల్మోర్ ఈస్ట్ రికార్డు. న్యూయార్క్‌లో సినిమా హాలుగా ఉన్న దాన్ని 1968లో బిల్ గ్రాహమ్ కచేరీ హాలుగా మార్చాడు. అందులో 1971 మార్చి 12, 13 తేదీల్లో టామ్ డౌడ్ ఆధ్వర్యంలో రికార్డు చేశారు. పందొమ్మిది నిమిషాల ఒక పాట ఎల్పీ ఒక వైపంతా పడుతుంది, మరొకటి 23 నిమిషాలు. అంతసేపు ఏం వాయిస్తారండీ అని అడిగేవాళ్ళకి నా దగ్గర ఒకటే జవాబు: ఆ పందొమ్మిది నిమిషాల పాటలో ఒక చోటికి వెళ్ళండి. మిగతా వాద్యాలన్నీ ఆగిపోయి డ్వేన్ ఆల్‌మన్ గిటార్ ఒక్కటే మిగులుతుంది. అతను ఒక వాక్యం వాయించి ఆగుతాడు. ఆ ఖాళీలో హాలంతా ఊపిరి బిగబట్టినట్టు తెలుస్తుంది. మళ్ళీ ఒక వాక్యం. మళ్ళీ ఖాళీ. ఎక్కడో ఒకడు ఉండబట్టలేక రాత్రంతా వాయించమని అరుస్తాడు. అది అడగడం కాదు, మొక్కుకోవడం. ఆ కుర్రాడి గొంతులో వణుకు ఈ చెవులతో ఎన్నిసార్లు విన్నానో.

ఆ మార్చి తర్వాత జూన్ 27న ఫిల్మోర్ ఈస్ట్ మూతపడింది. జులైలో ఆల్బమ్ వచ్చింది. అక్టోబర్ 29న డ్వేన్ మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు, ఇరవై నాలుగేళ్ళకి. ఆ ఆల్బమ్ వెనక అట్ట మీద బ్యాండ్ లేదు. సామాను మోసే కుర్రాళ్ళు, తీగలు సర్దేవాళ్ళు ఉన్నారు, చేతుల్లో బీరు డబ్బాలతో. రోడ్డు మీద బతికేవాళ్ళ మర్యాద అది.

జనం అమాయకత్వానికి మరో ఉదాహరణ, మనవాళ్ళకి బాగా నచ్చేది. 1971 ఆగస్టు 1న జార్జ్ హారిసన్ ఏర్పాటు చేసిన బంగ్లాదేశ్ సహాయ కచేరీలో ముందుగా రవిశంకర్ సితార్, అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లా రఖా తబలా. వాళ్ళు శ్రుతి చేసుకుని ఆగగానే జనం చప్పట్లు మోగించేశారు. శ్రుతి చేసుకోవడమే ఇంత నచ్చితే కచేరీ ఇంకా నచ్చుతుందనుకుంటాను అని రవిశంకర్ అన్నది రికార్డులో చక్కగా వినబడుతుంది. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళని చూసి నవ్వేవాళ్ళుంటారు. నేను నవ్వను. కొత్త సంగీతం ముందు కూర్చుని, ఎక్కడ చప్పట్లు కొట్టాలో తెలియక కొట్టేసినవాళ్ళు, కొట్టకుండా బిగుసుక్కూర్చున్నవాళ్ళ కంటే వెయ్యి రెట్లు నయం.

అందుకే అతికించిన చప్పట్లంటే నాకు మంట. స్టోన్స్ 1966లో వేసిన ఒక లైవ్ ఆల్బమ్‌లో రెండు పాటలు అసలు స్టూడియోవి, పైన జనం కేకలు పూశారు. జానీ క్యాష్ రాక్ కాదంటారేమో గానీ, 1968 జనవరి 13న ఫాల్సమ్ జైల్లో చేసిన రికార్డింగ్ సంగతి చెప్పక తప్పదు. ఒక మనిషిని చంపిన సంగతి పాడే చోట ఖైదీలు ఆనందంతో కేక వేస్తారు. వింటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ కేక తర్వాత స్టూడియోలో కలిపింది! అసలు ఖైదీలు కాపలావాళ్ళు చూస్తున్నారని ఆ చోట నోరు మెదపలేదు. నిజంగా ఉన్న ఆ నిశ్శబ్దం ఎంత గొప్పగా ఉండేదో ఆలోచించండి. దాన్ని చెరిపి కేక పెట్టారు. థిన్ లిజీ బ్యాండ్ 1978 నాటి లైవ్ ఆల్బమ్ మీద ఇంకో గొడవ. ముప్పాతిక వంతు స్టూడియోలో మళ్ళీ వాయించిందే అని నిర్మాత, కాదు ముప్పాతిక వంతు లైవే అని మేనేజర్లు. లెక్క అదే, వైపు వేరు.

దీనికి విరుగుడు ‘ద హూ’ అనే బ్యాండ్. 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ విశ్వవిద్యాలయం భోజనశాలలో రికార్డు చేసిన ఆల్బమ్‌ని బూట్‌లెగ్ లాగా గోధుమ రంగు అట్టలో, ముద్ర గుద్దినట్టు పేరు వేసి అమ్మారు. చిటపటలు వినబడితే అవి ఉండాల్సినవే, సరిచేయొద్దు అని లేబుల్ మీదే చేత్తో రాసిపెట్టారు. అంతకుముందు అమెరికా పర్యటనలో రికార్డు చేసిన టేపుల గుట్టంతా వినే ఓపిక లేక పీట్ టౌన్‌షెండ్ వాటిని తగలబెట్టించాడట. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఇన్ని టేపులు విన్నాక ఒక పెద్ద బ్యాండ్ కచేరీకి మొదటిసారి వెళ్ళాను, అన్నయ్యతో కలిసి. పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. పేరున్న బ్యాండే, వయసు మళ్ళినవాళ్ళు. టికెట్ మీద రాసిన సమయం దాటి చాలాసేపయింది. స్టేజీ మీద నల్ల చొక్కాల కుర్రాళ్ళు గిటార్లు ఒక్కోటీ తెచ్చి తగిలిస్తున్నారు, నేల మీద పాటల జాబితా కాగితాలు అతికిస్తున్నారు. ఒకడు డ్రమ్స్ దగ్గర కూర్చుని పెద్ద డ్రమ్‌ని కాలితో తొక్కాడు. దబ్. నా ఛాతీలో తగిలింది. దబ్. మళ్ళీ తగిలింది. టేపులో ఎన్నడూ లేనిది అది. టేపులో బేస్ చెవికి వినబడుతుంది, ఇక్కడ చెప్పుల కింద నేల చెబుతోంది, పక్కటెముకలు చెబుతున్నాయి, ముందున్న ఇనప కమ్మీ పట్టుకుంటే అది వణుకుతోంది.

“చెవుల్లో దూది పెట్టుకోరా,” అన్నాడు అన్నయ్య.

“పెట్టుకోను.”

దీపాలారిపోయాయి. ఆ కేక గురించి ఏం రాయను? అప్పటిదాకా స్పీకర్లోంచి వచ్చిన శబ్దం ఇప్పుడు నా వెనకనుంచి వచ్చింది, పక్కనుంచి వచ్చింది, కాసేపటికి చూసుకుంటే నా నోట్లోంచీ వస్తోంది. మొదటి పాట ఏదో గుర్తుపట్టడానికే చాలాసేపు పట్టింది. మేం ముందుకి తోసుకుపోయి స్పీకర్ల పక్కన ఇరుక్కున్నాం. హాల్లో బాగా వినబడే చోటు, అన్ని శబ్దాలూ కలిపి సర్దే మిక్సింగ్ బల్ల దగ్గర అని తర్వాత ఎవరో చెప్పారు. నిజమే, మిక్సింగ్ చేసేవాడు తన చెవికి బాగున్నట్టే కదా సర్దుకుంటాడు. తర్వాతి కచేరీలన్నీ అక్కడే నిలబడి చూశాను. శబ్దం బ్రహ్మాండంగా ఉండేది. కానీ ఛాతీకి తగిలింది మాత్రం స్పీకర్ల పక్కనే.

నాలుగైదు పాటలయ్యేసరికి గాయకుడి గొంతు మొరాయించింది. పై స్థాయికి వెళ్ళాల్సిన చోటల్లా కింద నుంచే తప్పించుకుంటున్నాడు. ఒక చోట గొంతు చీలి గాలి మాత్రమే వచ్చింది.

“పెద్దాయన పని అయిపోయిందిరా,” అన్నాడు అన్నయ్య నా చెవిలో.

అందరూ ఎదురుచూస్తున్న పాట రానే వచ్చింది. దాని చరణం చివర గొంతు ఆకాశానికెక్కాలి. ఆయన మైకు ముందుకొచ్చాడు, నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకుని మైకుని జనం వైపు తిప్పాడు. హాలు మొత్తం ఎత్తుకుంది. సగం మంది శ్రుతి తప్పారు, చాలామంది మాటలు తప్పారు. ఆడవాళ్ళ గొంతులు పైన, మగవాళ్ళవి కింద, ఎవరూ చెప్పకుండానే సర్దుకుపోయాయి. అన్నయ్య కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. గాయకుడు తల వంచుకుని, ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని వింటున్నాడు. అరవై దాటిన మనిషి, తన పాట తాను వింటున్నాడు.

మర్నాడు సాయంత్రం దాకా చెవుల్లో ‘కుయ్’ మంటూ ఈల. దూది సంగతి అన్నయ్య ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు కచేరీలకి వెళ్ళే కుర్రాళ్ళకి మాత్రం చెబుతుంటాను: చెవులకి ప్లగ్గులు పెట్టుకోండి, మజా ఏమీ తగ్గదు, నలభై దాటాక నాకు దండం పెడతారు.

టేపులు చేసేవాళ్ళ లోకం తర్వాత పరిచయమైంది. గ్రేట్‌ఫుల్ డెడ్ అభిమానుల గురించి వినే ఉంటారు. 1984 అక్టోబర్ నుంచి ఆ బ్యాండ్ తన కచేరీల్లో టేపు చేసుకునేవాళ్ళకి మిక్సింగ్ బల్ల వెనక ప్రత్యేకంగా చోటే ఇచ్చేసింది. ఎత్తైన కర్రల మీద మైకులు అడవిలా లేచి ఉండేవి. ఒక్కటే నియమం, అమ్ముకోకూడదు. టేపుకి టేపు, లేదంటే ఖాళీ క్యాసెట్టూ పోస్టు ఖర్చూ. బ్యాండ్ తరఫున బెట్టీ కాంటర్-జాక్సన్ చేసిన రీళ్ళ కథ ఇంకా విచిత్రం. సామాను దాచిన గది అద్దె కట్టలేక 1986లో అవి వేలంలో ఎవరెవరి చేతుల్లోకో పోయాయి. వాటి కాపీలే లోకమంతా తిరిగాయి. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆవిడ రికార్డు చేసిన కచేరీ ఇప్పుడు అమెరికా జాతీయ రికార్డింగుల జాబితాలో ఉంది.

లాస్ ఏంజెలిస్‌లో మైక్ మిలార్డ్ అని ఒకాయన ఉండేవాడు. 1994లో పోయాడు. నకామిచి డెక్కూ, ఖరీదైన ఏకేజీ మైకులూ హాల్లోకి చేరవేయడానికి చక్రాల కుర్చీలో కూర్చుని వెళ్ళేవాడు. 1977 జూన్ 21న లెడ్ జెప్లిన్ కచేరీని ఆయన చేసిన టేపు వింటే అది జనంలో కూర్చుని చేసిందంటే నమ్మబుద్ధి కాదు. దొంగతనమా అంటే, చట్టం ప్రకారం అంతే. నాకు మాత్రం ఆయన మీద కోపం రావడం లేదు, ఆయన లేకపోతే ఆ రాత్రి అలా మిగిలేది కాదు కాబట్టి.

మా కచేరీ సంగతీ అంతే. చాలా ఏళ్ళ తర్వాత టేపులు మార్చుకునే పరిచయస్తుడొకాయన తన జాబితా పంపితే అందులో ఆ తేదీ, ఆ హాలు పేరు కనిపించాయి. పక్కన ‘ఆడియన్స్, రెండో తరం, శబ్దం ఫరవాలేదు’ అని ఉంది. తెప్పించుకున్నాను. అన్నయ్యని పిలిచి ఇద్దరం కూర్చుని పెట్టాం.

శబ్దం ఫరవాలేదన్నమాట నిజమే. కానీ టేపు చేసినవాడి పక్కన ఒక మహానుభావుడు నిలబడి ఉన్నాడు. ఆయనకి ఆ రాత్రి ఒకటే బెంగ, చివరి బస్సు. మొదటి పాట కాకుండానే బస్సు ఎన్నింటికని అడిగాడు. మెల్లని పాటలో, గిటార్ ఒక్కటే సన్నగా మోగుతున్న చోట, నడిచి వెళ్తే ఎంతసేపు పడుతుందో లెక్కలు వేశాడు. టేపు చేసినవాడు ‘ష్’ అంటూనే ఉన్నాడు.

“వీణ్ణి బయటికి గెంటేవాళ్ళు లేరట్రా!” అని అన్నయ్య తల పట్టుకున్నాడు.

ఆ పాట వచ్చింది. గాయకుడి గొంతు తప్పింది, చిన్న ఖాళీ, జనం ఎత్తుకున్నారు. అందరికన్నా గట్టిగా, మైకు పగిలిపోయేలా, అక్షరం పొల్లు పోకుండా పాడుతున్నది ఆ బస్సు మనిషి. పాట అయ్యాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత రొప్పుతూ, “పోతే పోనీ,” అన్నాడు. బస్సు ప్రస్తావన మళ్ళీ రాలేదు. అన్నయ్య ఆ ముక్క వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టించాడు, మళ్ళీ మళ్ళీ పెట్టించాడు, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

ఇప్పుడు ప్రతి కచేరీ మర్నాటికల్లా ఫోనుల్లో ఉంటుంది. మంచిదే, నేనూ చూస్తాను. కాకపోతే ఫోన్లలో శబ్దాన్ని దానంతటదే సర్దే ఏర్పాటు ఉంటుంది. బ్యాండ్ గట్టిగా వాయిస్తే తగ్గిస్తుంది, నిశ్శబ్దమైతే పెంచుతుంది. దాంతో ఎత్తూ పల్లం లేకుండా అంతా ఒకే మట్టంలో ఉండి, లైవ్‌లో ఉండే ఆ కుదుపు పోతుంది.

నా క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని పెట్టుకున్నాను. ఒక్కో టేపుకీ హెడ్ కోణం మళ్ళీ సరిచూసుకోవాలి, చిన్న స్క్రూ అటో ఇటో వెంట్రుకవాసి తిప్పితే చాలు, దుప్పటి తీసేసినట్టు తాళాలు మెరుస్తాయి. వేగం తప్పిన టేపుల్ని అర స్వరం కిందికి దించుతున్నాను, కుర్రాళ్ళయిన గాయకులందరికీ మళ్ళీ వాళ్ళ వయసు వస్తోంది. పక్కనుంచి మా అబ్బాయి సాయం. వాడి చెయ్యి చురుకు.

“నాన్నా, పాటల మధ్య ఈ గోలంతా కట్ చేసేద్దామా? ఫైలు చిన్నదవుతుంది,” అన్నాడు.

“చెయ్యి తగిలించావంటే చూడు.”

“మరి ఈ బస్సాయన్ని ఏం చేయమంటావు? ఏ పాటలో కలపను?”

ఆలోచించాను. విడిగా ఒక ట్రాక్ చేయించాను. నాలుగో పాటకీ ఐదో పాటకీ మధ్య ఉంటుంది, పేరు ‘చివరి బస్సు’, నిడివి ముప్పావు నిమిషం. అన్నయ్య ఫోన్లో ఆ కచేరీ మొత్తం ఉంది. అన్నయ్య వినేది మాత్రం ఆ ఒక్కటే.